టెంక ముదిరాక ఇంకా చెట్టు మీదెందుకు?

కిందటేడు మే మొదట్లో విజయవాడలో ఒక సాహిత్య సభ అయ్యాక, బయట టీ తాగుతూ ఒక పెద్దాయన అన్నారు: "గడువు పెట్టి రాయించేది పరిశోధన కాదయ్యా, కాంట్రాక్టు పని." చుట్టూ ఉన్న నలుగురం నవ్వాం. నేనూ నవ్వాను. అలాంటి మాటకి నవ్వకపోతే సాహిత్యమంటే గౌరవం లేదనుకుంటారేమోనని భయం. పైగా నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. గడువుల గురించి నేనేం మాట్లాడినా వృత్తిరోగం కింద జమకట్టేస్తారు.

ఆ రాత్రే బస్సెక్కి నూజివీడు వెళ్లాను. మా పెదనాన్న తోటలో, మోటారు షెడ్డు పక్కన కాపలా మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని మా అక్క కూర్చునుంది. పెదనాన్న కూతురు. తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఇంకా యాభై ఆరు రోజులున్నాయి. ఆ యాభై ఆరు రోజులూ దగ్గర్నుంచి చూశాక, ఆ పెద్దాయన మాటకి నవ్వినందుకు సిగ్గేసింది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది.

నేను చెప్పదలచింది ఒకటే. తెలుగులో పరిశోధనని గడువు చంపలేదు. గడువు ఒక్క పరిశోధకుడి మెడకే ఉండటం, మిగతా ఎవరి మెడకీ లేకపోవడం చంపింది. దాన్ని కప్పిపుచ్చడానికి మనం "మంచి పరిశోధనకి టైం పడుతుంది" అనే అందమైన మాట వాడుకుంటున్నాం.

ముందు అక్క సంగతి. 2016లో చేరింది. ఊరు చెప్పను, యూనివర్సిటీ చెప్పను. విషయం: కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు ఆడవాళ్ల పాటలు. నూజివీడు, ముసునూరు, చాట్రాయి, ఆగిరిపల్లి చుట్టుపక్కల తిరిగి ముప్ఫై ఒక్కమంది దగ్గర పాటలు ఫోన్లో రికార్డు చేసింది. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, మామిడి కోతల్లో కాయలు ఏరుతూ పాడుకునే పాటలు. అప్పటి యూజీసీ నిబంధన ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లు. ఆడవాళ్లకి అదనంగా రెండేళ్లు. ప్రసూతి సెలవు 240 రోజులు. మధ్యలో కోవిడ్ పేరుతో దొరికిన పొడిగింపు కాస్త. అన్నీ కలిపి కిందటేడు జూన్ ఆఖరుతో నిండిపోయాయి. ఈలోగా 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టారు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లిపోయింది. థీసిస్ పేరులో ఉన్న కృష్ణా జిల్లాలో ఇప్పుడు ఆ పాటల ఊళ్లు సగానికి సగం లేవు. "మొదలుపెట్టినప్పుడున్న జిల్లా పూర్తయ్యేసరికి లేదురా, ఇంకేం పరిశోధన" అని తనే నవ్వుతుంది.

నవ్వడానికి వీల్లేని సంగతి ఇంకోటుంది. ఆ ముప్ఫై ఒక్కమందిలో నలుగురు ఇప్పుడు లేరు. వాళ్ల గొంతులు అక్క పాత ఫోన్లోనూ, నేను తీసిపెట్టిన రెండు హార్డ్ డిస్కుల్లోనూ ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. థీసిస్ ఆలస్యమైతే పోయేది అక్క ఇంక్రిమెంటు ఒక్కటే కాదు.

ఆలస్యం ఎందుకైంది? అక్క బద్ధకస్తురాలు కాదు. పొద్దున ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఐదు పీరియడ్లు చెప్పి, ఇంటికొచ్చి పిల్లాడికి అన్నంపెట్టి, రాత్రి పదింటికి రాయడానికి కూర్చునే మనిషి. ఆరు అధ్యాయాల్లో ఐదు 2021కే రాసేసింది. ఆరోది రాస్తూ ఉండగా ఒక సెమినార్లో ఎవరో అడిగారు, "బతుకమ్మ పాటలతో పోల్చారా?" అని. పోల్చడం మొదలుపెట్టింది. ఇంకో సెమినార్లో "సిద్ధాంత నేపథ్యం బలంగా లేదమ్మా" అన్నారు. ఆర్నెల్లు ఇంగ్లీషు పుస్తకాలు చదివింది. మూడోచోట "రాయలసీమ మాటేమిటి?" అన్నారు. అడిగినవాళ్లు టీ తాగి రైలెక్కి వెళ్లిపోయారు. అక్క మీద మాత్రం ఒక్కో ప్రశ్నకి ఒక్కో ఏడాది పడింది. ఇవేవీ చెడ్డ ప్రశ్నలు కావు. కానీ "ఇది ఈ థీసిస్‌కి అక్కర్లేదు, తర్వాత చూసుకో" అని చెప్పే మనిషి ఒక్కడూ లేకపోయాడు. ఆ మాట చెప్పడమే పర్యవేక్షకుడి ఉద్యోగం.

ఇప్పుడు పెద్దాయన వాదన దగ్గరికి వద్దాం. గడువుతో మంచి పరిశోధన రాదంటారు కదా. మనం నెత్తిన పెట్టుకునే పుస్తకాలు ఎలా వచ్చాయో చూద్దాం.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 1955లో ఎంఏ, 1957లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. తెలుగు ధాతువుల మీద ఆయన చేసిన ఆ పని 1961లో 'తెలుగు వెర్బల్ బేసెస్' పేరుతో పుస్తకమైంది. ద్రావిడ భాషలన్నిటి గురించీ ఆయన పెద్ద పుస్తకం కేంబ్రిడ్జి నుంచి వచ్చింది 2003లో. పీహెచ్‌డీకీ దానికీ మధ్య నలభై ఆరేళ్లు. ఆ రెండో పుస్తకంలో ఉన్నదంతా మొదటిదాన్లోనే పెట్టాలని ఆయన కూర్చునుంటే, మనకి రెండూ దక్కేవి కావు.

బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో జానపద గేయాల మీద చేసిన సిద్ధాంత గ్రంథం 1958కల్లా 'తెలుగు జానపద గేయ సాహిత్యము'గా అచ్చయింది. జానపద సాహిత్యం విశ్వవిద్యాలయంలో చదవదగిన విషయమేనా అని ముక్కు విరిచే రోజులవి. ఆయన అది పూర్తిచేసి బయటపెట్టారు కాబట్టే తర్వాత నాయని కృష్ణకుమారిగారు, ఇంకెందరో ఆ దారిన నడిచారు. మా అక్క మొదటి అధ్యాయంలో మొదటి పేరు ఆయనదే. సినారె గారికి 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు' మీద డాక్టరేట్ వచ్చింది 1962లో. అదే ఏడాది 'గులేబకావళి కథ' విడుదలైంది, సినిమా కవిగా ఆయన పేరు ఇంటింటికీ తెలిసింది. "టైం దొరకడం లేదు" అనే వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఏలూరులో లెక్చరరుగా పనిచేసిన వెల్చేరు నారాయణరావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సమర్పించిన పని 1978లో 'తెలుగులో కవితా విప్లవాల స్వరూపం'గా వచ్చింది. ఇవాళ్టికీ కవిత్వం గురించి నోరు విప్పేవాడు ఆ పుస్తకంతో ఒప్పుకోవాలి, లేదా పోట్లాడాలి.

వీటిలో ఏదీ ఆ రచయిత చివరిమాట కాదు. ఏదీ సర్వసమగ్రమూ కాదు. ఒక వాదన పట్టుకుని, దాన్ని నిలబెట్టేంత ఆధారం చూపించి, పూర్తిచేసి ఇచ్చేశారు. మిగతాది జీవితమంతా చేశారు. మనం ఆ జీవితకాలపు పనిని చూసి, అది థీసిస్‌లోనే జరిగిందని భ్రమపడుతున్నాం.

"ఆరుద్రకి పీహెచ్‌డీ ఉందా? గిడుగుకి ఉందా?" అని అడిగే వాళ్లుంటారు. లేదు. కానీ ఆరుద్ర 'సమగ్రాంధ్ర సాహిత్యం' సంగతే చూడండి. 1965లో మొదలై సంపుటాలు సంపుటాలుగా వచ్చింది. ఒక సంపుటం అచ్చుకి వెళ్తుంటే ఇంకోటి రాయాలి. గడువంటే అది. తర్వాత ఆయనే సవరించి, పెంచి మళ్లీ వేశారు. పేరులోనే 'సమగ్ర' పెట్టుకున్నాయన కూడా సమగ్రం అయ్యేదాకా ఆగలేదు! డిగ్రీ అక్కర్లేదనుకుంటే రిజిస్టర్ చేసుకోకుండా హాయిగా జీవితమంతా పరిశోధించండి, దండం పెడతాను. చేసుకున్నాక మాత్రం అది ఒక నిర్దిష్టమైన పని. దానికో మొదలు, ఓ చివర ఉంటాయి.

ఈ తేడా నాకు ఏ పుస్తకమూ చదివి తెలియలేదు. మా పెదనాన్న చెబితే తెలిసింది.

నూజివీడు చుట్టుపక్కల పుట్టినవాళ్లకి ఎవరికైనా తెలిసిన సంగతే ఇది: మామిడిని పండాక కొయ్యరు. బంగినపల్లైనా, చిన్నరసమైనా పచ్చిగా ఉన్నప్పుడే కోస్తారు. కానీ లేతకాయ కొయ్యరు. కాయ భుజాలు నిండాయా, తొక్క మీద పచ్చదనం కొంచెం తేలిందా, కోసి చూస్తే లోపల టెంక గట్టిపడిందా, ఇవన్నీ చూస్తారు. టెంక ముదిరితే కాయ పరువుకొచ్చినట్టు. అప్పుడు చిక్కంతో, ముచ్చిక కొంచెం ఉండేట్టు, సొన కాయ మీద కారకుండా దింపుతారు. తర్వాత వరిగడ్డిలో మాగబెడతారు. పండటం అనేది చెట్టు దిగాక జరిగే పని.

అక్క ఆరో అధ్యాయం ఇంకా పెంచుతానంటే ఆ రాత్రి పెదనాన్న అన్న మాట: "ఎన్నాళ్లుంచుతావే చెట్టు మీద? ఉంచితే ఇంకా తియ్యనవుద్ది అనుకుంటున్నావు. గాలొస్తే రాలుద్ది." మూడు రోజుల తర్వాత నిజంగానే గాలివాన వచ్చింది. మే నెలలో మా వైపు అది కొత్త కాదు. పొద్దున్నే లేచి చూస్తే చెట్ల కింద రాలిన కాయలు. రాలిన కాయని ఏ వ్యాపారీ మంచి ధరకి కొనడు, పచ్చడికి పోతుంది. అక్క కాయలు ఏరుతూ ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి ఆరో అధ్యాయంలోంచి రాయలసీమ భాగం తీసేసి వేరే ఫైల్లో పెట్టింది. ఫైలు పేరు "తర్వాత".

సిద్ధాంత గ్రంథం మాగిన పండు కాదు, పరువుకొచ్చిన కాయ. దానికి కావాల్సింది టెంక. అంటే ఒక వాదన, దానికి ఆధారం. అది ముదిరిందా లేదా అన్నదే ప్రశ్న. తియ్యదనం పుస్తకంగా వేసేటప్పుడు వస్తుంది. పైన చెప్పిన పెద్దల థీసిస్‌లకీ పుస్తకాలకీ మధ్య ఉన్న ఏళ్లు అందుకే.

అయితే తొందరపడ్డా చేటే. కార్బైడ్ వేసి మాగబెట్టిన కాయ మీరు చూసే ఉంటారు. పైకి పసుపు పచ్చగా నిగనిగలాడుతుంది, కోస్తే లోపల పుల్లగా, తెల్లగా ఉంటుంది. చట్టం నిషేధించింది కూడా. మన దగ్గర కార్బైడ్ థీసిస్‌లు తక్కువేం కాదు. రాసిపెట్టే దుకాణాలున్నాయి. అధ్యాయానికింత అని రేటు, డబ్బులు తీసుకుని వ్యాసం వేసే పత్రికలు, వెనక నుంచి ముందుకి అతికించిన ఉపయుక్త గ్రంథ సూచిక. ఇవి చూసే పెద్దాయన లాంటి వాళ్లు "గడువు వల్లే ఇదంతా" అంటారు. కాదు. కార్బైడ్ వాడేది కోతకాలం ఉన్నందుకు కాదు, కాయని లేతగా కోసినందుకు. ఐదేళ్లు ఎవరూ పట్టించుకోకుండా వదిలేసి, ఆరో ఏడు ఆఖర్లో "నెలాఖరుకల్లా తే" అంటే మనిషి కార్బైడే వెతుక్కుంటాడు. గడువు ఆఖరి రోజున కాదు ఉండాల్సింది, మొదటి రోజు నుంచీ ఉండాలి. పూత నాడు మందు కొట్టని రైతు మే నెలలో ఎంత పరిగెత్తినా కాయ రాదు.

ఇక్కడే అసలు పోట్లాట. నిబంధనలు చూడండి. పరిశోధకుడికి ఆరేళ్లు, 2022 నవంబరు నిబంధనల ప్రకారం రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, ఆడవాళ్లకీ వికలాంగులకీ ఇంకో రెండు. దాటితే అంతే, రిజిస్ట్రేషన్ రద్దు. సరే. అదే నిబంధనల్లో సలహా సంఘం సెమిస్టరుకోసారి కూర్చుని పురోగతి చూడాలని ఉంది. అంతకుముందు 2016 వాటిలో ఆర్నెల్లకోసారి అని ఉంది. ఎన్నిచోట్ల నిజంగా కూర్చుంటున్నారు? మా అక్క విషయంలో ఆ కాగితాల మీద సంతకాలు చాలావరకు ఒకే మధ్యాహ్నం, ఒకే పెన్నుతో జరిగాయి. థీసిస్ సమర్పించిన ఆర్నెల్లలోపు మూల్యాంకనం, వైవా అన్నీ అయిపోవాలని కూడా రాసుంది. దాటితే ఎవరి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది? ఎవరిదీ కాదు. పర్యవేక్షకుడు అధ్యాయం చదివి ఎన్నిరోజుల్లో తిరిగివ్వాలో చెప్పే అంకె మాత్రం నాకెక్కడా కనపడలేదు. రైతుకేమో కోత తేదీ ఖాయం, కొనేవాడు ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు అంటే మామిడి బతుకుతుందా?

"ఆరేళ్లు" అంటే నాకొక లెక్కుంది. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ పెట్టినప్పుడు పదో తరగతి కాగానే చేరిన పల్లెటూరి పిల్లల్లో నేనొకణ్ణి. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. పదిహేనేళ్ల పిల్లాణ్ణి ఆరేళ్లలో ఇంజనీర్ని చేసి పంపారు. నేనేదో మేధావినని కాదు. ప్రతి వారం ఏదో ఒకటి ఇవ్వాలి, దాన్ని ఎవరో ఒకరు చూసి తప్పో ఒప్పో చెప్పేవారు. అదే ఆరేళ్లు ఎమ్మే చదివి నెట్ రాసిన పరిణత మనిషికి చాలడం లేదంటే, తేడా మనిషిలో ఉందా, చూసేవాళ్లు లేకపోవడంలో ఉందా?

మా వాళ్ల జబ్బు గురించి కూడా చెప్పాలి, న్యాయంగా ఉంటుంది. అక్క కష్టం చూసి నేను మొదట చేసిన పని ఒక రంగురంగుల షీటు తయారుచెయ్యడం. పనులు, తేదీలు, దాటితే ఎర్రగా మారే గళ్లు. ఆఫీసులో మా మేనేజరుకి చూపిస్తే మురిసిపోయేవాడు. అక్క రెండు వారాలు చూసి మానేసింది. "ఆ ఎర్రగళ్లు చూస్తే గుండె దడగా ఉంటోందిరా, రాయాలనిపించట్లేదు" అంది. పనిచేసింది వేరే. ప్రతి రాత్రీ తను రాసిన పది పేజీలు పెదనాన్నకీ నాకూ చదివి వినిపించడం. నేను హైదరాబాదు వెళ్లాక ఫోన్లో. పెదనాన్న ఏడో తరగతి. మధ్యలో ఆపేవాడు: "ఈ మాట ఇందాక చెప్పావుగా?" "ఆ పాట ముసునూరుది కాదే, మీ అమ్మమ్మ తెచ్చింది." నాలుగో అధ్యాయంలో రెండు తప్పులు అలా దొరికాయి. షీటుకి జవాబు చెప్పబుద్ధి కాదు, వినే మనిషికి చెప్పబుద్ధవుతుంది. గడువు పనిచేసేది అవతల ఎదురుచూసే మనిషున్నప్పుడే. తొమ్మిదేళ్లలో అక్కకి యూనివర్సిటీ ఇవ్వలేనిది అదే: ఒక పాఠకుడు.

ఇంక డబ్బు. దీని గురించి మాట్లాడకుండా గడువు గురించి మాట్లాడటం తిన్నవాడు ఉపవాసం గురించి చెప్పడమే. అంబేడ్కర్ లండన్‌లో చదువుతూండగా 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి తిరిగిరావాల్సి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టి 1920లో మళ్లీ వెళ్లారు. రూపాయి సమస్య మీద ఆయన థీసిస్‌ని సవరించి తెమ్మన్నారు, సవరించి ఇచ్చారు, 1923లో డీఎస్సీ వచ్చింది. అంతటివాడికే చదువు ఆగింది తెలివి చాలక కాదు, నెలనెలా వచ్చేది ఆగి.

వందేళ్ల తర్వాత మన హైదరాబాదులో ఏం జరిగిందో మీకు గుర్తుచెయ్యక్కర్లేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల వెళ్లిపోతూ రాసిన ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ లెక్క కూడా ఉంది. లక్షా డెబ్భై ఐదు వేలు. ఆ చావు వెనక ఉన్న కులాన్ని, వెలిని పక్కన పెట్టి దాన్ని వట్టి ఫెలోషిప్ ఆలస్యం కింద చూడటం అన్యాయం, నేనాపని చెయ్యను. కానీ పరిశోధకుడి నుంచి తేదీ తప్పకుండా థీసిస్ ఆశించే వ్యవస్థ, తను ఇవ్వాల్సింది నెలల తరబడి ఆపగలదని ఆ అంకె చెబుతూనే ఉంటుంది. ఇప్పుడు జేఆర్ఎఫ్ నెలకి 37,000, తర్వాత 42,000, మొత్తం ఐదేళ్లు. థీసిస్‌కి ఆరేళ్లు. ఆ ఆరో ఏడు ఏం తినాలో ఏ నిబంధనలోనూ లేదు. జేఆర్ఎఫ్ రానివాళ్లకి సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకి 8,000. అక్కకి అదీ లేదు. ఆ ఐదు పీరియడ్లు అందుకే.

నాకు తెలిసిన విద్యలోంచి ఇంకో చిన్న ఫిర్యాదు. అక్క థీసిస్ మొదటి నాలుగు అధ్యాయాలు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించింది. తెర మీద చూస్తే తెలుగే. కంప్యూటర్ లోపల మాత్రం అది తెలుగు కాదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వరస. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, విరిగిపోయిన ఒత్తులు సరిచేసి, పాటల పాదాలు మళ్లీ పేర్చడానికి ఇద్దరికీ పదకొండు రాత్రులు పట్టింది. గడువులో ఐదోవంతు! శోధ్‌గంగలోకి వెళ్లి తెలుగు థీసిస్‌లు వెతకండి. చాలావాటిని స్కాన్ చేసిన బొమ్మలుగా ఎక్కించారు. లోపల ఒక్క మాట వెతకలేం. అంటే ఒకరు పదేళ్లు చేసిన పని పక్క ఊళ్లో పనిచేస్తున్న ఇంకొకరికి కనపడదు. ఆమె మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ ముందు ఆ బొమ్మలు గుడ్డివాడి ముందు అద్దమే. చేరిన మొదటి నెల్లో అందరికీ యూనికోడ్ టైపింగ్ నేర్పడానికి ఎంత ఖర్చవుతుంది? రెండు పూటలు. దానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

ఇంత చెప్పాక కూడా పెద్దాయన మాటలో ఒక నిజం ఉందని ఒప్పుకుంటాను. కొన్ని పనులకి ఆరేళ్లు చాలవు. తాళపత్రాలు పరిష్కరించేవాళ్లకి, అడవుల్లో మౌఖిక భాష రికార్డు చేసేవాళ్లకి ఎక్కువే ఇవ్వాలి. ఇవ్వండి. కానీ అది మొదటి ఏడే, పని స్వభావం చూసి, రాతపూర్వకంగా ఇవ్వండి. ఏడో ఏడు ఆఖర్లో అటెండరు నుంచి రిజిస్ట్రారు దాకా దండాలు పెట్టించుకుని ఇచ్చే పొడిగింపు పరిశోధన మీద గౌరవం కాదు. దయాదాక్షిణ్యం. దానికి అలవాటుపడ్డ పరిశోధకుడు తర్వాత ఎవర్నీ ప్రశ్నించలేడు.

పరిశోధకులకి కూడా ఒక మాట. మనలో చాలామంది పూర్తిచెయ్యనిది సమగ్రత మీద మోజుతో కాదు, భయంతో. పూర్తిచేస్తే ఎవరో చదువుతారు, తప్పు పడతారు. రాస్తున్నంతకాలం అది ప్రపంచంలోకెల్లా గొప్ప థీసిస్. ఇచ్చేస్తే అది ఒట్టి థీసిస్. ఈ భయం నాకు తెలుసు, ఈ వ్యాసమే ఎనిమిది నెలలు డ్రాఫ్టుల్లో ఉంది. కానీ మీ దగ్గరున్న పాట మీది కాదు. పాడినావిడ అది మీకు ఇచ్చింది మీ హార్డ్ డిస్కులో దాచమని కాదు.

అక్క జూన్ ఆఖర్లో, మూడు రోజులు మిగిలుండగా సమర్పించింది. లైబ్రరీ నో-డ్యూస్ కోసం ఒక పూట, చలానా కోసం ఒక పూట, బైండింగ్ వాడు బంగారు అక్షరాల్లో 'స్త్రీల' అనే మాటని 'స్త్రిల' అని అచ్చేస్తే మళ్లీ వేయించడానికి ఒక రాత్రి. ఇచ్చి వచ్చాక ఫోన్ చేసి ఒకటే మాటంది: "ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే మూడేళ్ల క్రితమే ఇచ్చేదాన్నిరా." ఆ సాయంత్రం ముసునూరు వెళ్లి, మిగిలినవాళ్లలో అందరికంటే పెద్దావిడకి థీసిస్‌లో తన పాటున్న పేజీ చూపించింది. ఆవిడకి చదువు రాదు. పేజీని చేత్తో తడిమి, "ఇన్నేళ్లు పట్టిందేంటే?" అని అడిగిందట.

ఇది రాస్తున్నది జనవరి చివర. తోటలో మళ్లీ పూత నిలబడింది, పెదనాన్న మందు కొట్టిస్తున్నాడు. థీసిస్ ఇచ్చి ఏడు నెలలైంది. ఆర్నెల్ల గడువు దాటిపోయింది. పరీక్షకుల రిపోర్టుల జాడ లేదు, వైవా తేదీ లేదు. అడిగితే "అవుద్దమ్మా, మంచి పనికి టైం పడుద్ది కదా" అన్నారట ఆఫీసులో.

అక్క మాత్రం ఖాళీగా లేదు. "తర్వాత" అనే ఫైలు తెరిచింది.